నెలపొడుపు సాక్ష్యం

ఆ ఏడాది మా రంజాన్ నెలా, జాన్‌బాబు గారి శ్రమదినాలూ కలిసి వచ్చాయి. దాంతో భవానీపురంలో మా పరుపుల కొట్టు ముందు సాయంకాలాలు టీ చుక్క లేకుండా గడిచాయి. మా నాన్న కరిముల్లా ఒక్కపొద్దు ఉన్నాడంటే పొద్దు గూకేదాకా ఉమ్మి మింగడానికి కూడా ఆలోచించే మనిషి. జాన్‌బాబు గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఈస్టరు దాకా సాగే ఆ నలభై రోజులూ టీ మానేస్తానని చర్చిలో అనుకుని, మర్నాటి నుంచే తలనొప్పితో తిరుగుతున్నారు. అయినా పేపరు చదవడం మాత్రం ఇద్దరూ మానలేదు. చదివేది ఆయన, వెక్కిరించేది మా నాన్న.

రాజకీయాలు వాళ్ళకక్కర్లేదు. ఎవడు గెలిచినా మన సందులో కాలవ పొంగక మానదని మా నాన్న ఎప్పుడో తేల్చేశాడు. ఆయనకు కావలసింది లోపలి పేజీలో ఓ మూలన పడే సైన్సు వార్తలు. జాన్‌బాబు గారు గొంతు సవరించుకుని "శాస్త్రజ్ఞులు కనిపెట్టారంట" అని మొదలుపెడితే చాలు, పక్కన ఇస్త్రీ బండి అతనూ, ఎదురు మందుల షాపు వాళ్ళూ పని ఆపి చెవులు ఇటు పెట్టేవాళ్ళు.

కాఫీ గుండెకు మంచిదని ఒకరోజు వచ్చింది. పోయిన నెల అదే పేపరు చెడ్డదని రాసింది. గుండె అదే, కాఫీ అదే, మారింది చెప్పినాయన జీతం అన్నాడు మా నాన్న. చంద్రుడి మీద నీటి జాడ ఉందని ఇంకోరోజు. పక్కనే కృష్ణ పెట్టుకుని మన కుళాయిలో జాడ లేదు, ఆ యంత్రమేదో ముందు ఇటు తిప్పమన్నాడు. భూమి పక్కనుంచి ఓ పెద్ద రాయి దూసుకుపోతుందని చదివితే, పక్కనుంచి పోయేదానికి వార్తెందుకు, మన రోడ్డు మీద ఇసుక లారీలు రోజూ అట్లాగే పోతున్నాయి కదా అన్నాడు. మనుషులు చేసే పనులన్నీ ఇకమీదట యంత్రాలే ఆలోచించి చేసేస్తాయన్న వార్తకు మాత్రం కాసేపు ఆగాడు.

"అయితే జాన్‌బాబూ, నా ఒక్కపొద్దు కూడా దాన్నే ఉండమను. నీ టీ మానేసేదేదో దాన్నే మానెయ్యమను," అన్నాడు.

ఆ మాట ఇస్త్రీ బండి దగ్గర బయల్దేరి రాత్రికి విద్యాధరపురం దాకా వెళ్ళింది.

నేను నవ్వేవాణ్ణి కాదు. నవ్వితే నాకే చేటని అనుభవం మీద తెలుసుకున్నాను. కొట్లో ఫోమ్ పరుపులు పెడదామని నేనడిగినప్పుడు ఏడాది పాటు ఇట్లాగే అందర్నీ నవ్వించి నా నోరు మూయించాడు. ఒంటి తీరును గుర్తుపెట్టుకునే పరుపని కంపెనీ మనిషి చెబితే, జ్ఞాపకశక్తి పరుపుకెందుకయ్యా, పడుకునేవాడికుంటే చాలదా అని పంపేశాడు. చివరికి నేను పోట్లాడి పెట్టించాను. ఇప్పుడు కొట్టు నడిచేది వాటి మీదే. బూరుగు దూది పరుపు కావాలని వచ్చేవాళ్ళు ఎప్పుడో ఒకరు. దాని గురించి మాత్రం ఆయన జోకులెయ్యడు.

కోడలంటే ఆయనకు ముద్దు. నా భార్య నుస్రత్ దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. ఇంట్లోనే శాస్త్రజ్ఞురాలు ఉండగా నాకు పేపరెందుకని ఆటపట్టించేవాడు. ఆమె కూడా ఊరుకునే రకం కాదు. మామయ్య సాయంత్రం వెక్కిరించిన వార్తను అన్నాల దగ్గర మళ్ళీ తీసి, బోర్డు మీద చెప్పినట్టు చెప్పేది. ఆయన శ్రద్ధగా అంతా విని చివర్లో ఒక్క మాట అనేవాడు. మా అమ్మ జైతూన్ బీ చేతిలో గరిటె కింద పెట్టి నవ్వేది. ఆ నెల దాకా మామాకోడళ్ళ మధ్య జరిగిన పోట్లాటలన్నీ ఇట్లాంటివే.

తేడా ముందు గమనించింది నుస్రతే. ఇఫ్తార్‌కు కూచున్నప్పుడు పళ్ళెంలో ఎడమ అంచున పెట్టిన ఖర్జూరాలు మామయ్య ముట్టుకోవడం లేదని చెప్పింది. ఇష్టం లేదేమో అన్నాను. మర్నాడు వాటినే మధ్యలో పెట్టింది, అన్నీ తిన్నాడు. ఆ తర్వాత నాకూ ఒక్కొక్కటే కనపడటం మొదలైంది. పరుపు అంచు కుట్టే దబ్బనం ఆయన పట్టుకుని చాలాకాలమైంది. నీ చేతి కుట్టు చూసుకుంటా కూచుంటాన్రా అంటే నేను మురిసిపోయాను. పేపరు జాన్‌బాబు గారి చేత ఎందుకు చదివిస్తున్నాడంటే, ఆయన గొంతు రైల్వే స్టేషన్లో మైకులా ఉంటుందని చెప్పేవాడు. ఒకరోజు గుమ్మం పక్క నీళ్ళ బకెట్‌ను తన్నుకుని, ఇక్కడ పెట్టిందెవరని కేకలేశాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ బకెట్ అక్కడే ఉంది.

డాక్టరు దగ్గరికి వెళదామని అడిగితే పండగ కానివ్వమన్నాడు. నుస్రత్ అడిగితే, కంటి డాక్టర్లందరూ కళ్ళజోళ్ళ షాపుల వాళ్ళ బావమరుదులేనమ్మా అన్నాడు. మా అమ్మ అసలు అడగలేదు. ఆమెకు ముందే తెలుసేమోనని నాకిప్పటికీ అనుమానం. ఎప్పుడు చూసినా ఆయన చెప్పులు ఆయన కాళ్ళ ముందే పెట్టి ఉండేవి.

అసలు గొడవ నెలపొడుపు దగ్గర వచ్చింది.

ఇరవై తొమ్మిదో ఒక్కపొద్దు నాటి సాయంత్రం నెలవంక కనపడితే మాకు మర్నాడే పండగ. కనపడకపోతే ముప్ఫై నిండాలి. ఒకరు చూశానంటే చాలదు, ఇద్దరుండాలి. ఇద్దరూ ఇమాం గారి ముందు అల్లా సాక్షిగా చెప్పాలి. అప్పుడాయన పెద్ద మసీదు వాళ్ళకు ఫోన్ చేస్తారు. చూడనిది చూశానని చెప్పినవాడు తనొక్కడి ఒక్కపొద్దు కాదు, విన్న అందరి ఒక్కపొద్దూ పాడుచేసినట్టు. ఆ పాపం ఎన్ని దానాలు చేసినా పోదని మా పెద్దవాళ్ళు చెప్పేవారు.

మా సందులో నెలపొడుపు మా నాన్న సొత్తు. మా డాబా మీద పడమటి పిట్టగోడ దగ్గర ఆయన నిలబడితే, వెనక సందంతా నిలబడేది. ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ గొట్టాల పైన గోరు కొసంత వెలుగు. ఆయన చెయ్యెత్తి చూపించాక గానీ మాకెవరికీ ఆనేది కాదు. పోయిన రెండేళ్ళూ ఆ సాయంత్రం మబ్బు పట్టి, కబురు మీదే పండగ చేసుకున్నాం. అందుకని ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

నెలాఖరు దగ్గరపడుతుండగా జాన్‌బాబు గారు ఒక వార్త చదివారు. ఇరవై తొమ్మిదో రోజు నెలవంక మన దేశంలో ఎక్కడా కంటికి కనపడదని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారట. అందరూ నవ్వడానికి సిద్ధమై మా నాన్న వైపు తిరిగారు. అప్పుడే స్కూలు నుంచి వస్తున్న నుస్రత్ కూడా అక్కడ ఆగింది. ఫోన్లో ఏదో యాప్ తీసి, ఆ రోజు సూర్యుడి వెనకాలే చంద్రుడూ మునిగిపోతాడని, మర్నాడైతే చక్కగా కనపడతాడని, ఎక్కడ కనపడతాడో కూడా చూపించింది. రోజూ చెప్పినట్టే నవ్వుతూ చెప్పింది.

మా నాన్న నవ్వించలేదు.

"మీ స్కూలు బెల్లు కొడితే వస్తాడామ్మా చంద్రుడు?" అన్నాడు. గొంతు మామూలుగా లేదు. "ఆ సాయంత్రం డాబా మీదకి రా. నీ ఫోను కింద పెట్టి రా. నేను చూపిస్తా."

పదిమందిలో అన్న మాట. ఇస్త్రీ బండి అతను సాయంత్రానికల్లా దాన్ని మామాకోడళ్ళ పందెం చేసి ఊరేగించాడు.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున నేను నుస్రత్‌ను బతిమాలాను. యాప్ తప్పయి ఉండొచ్చని, కనపడినా కనపడొచ్చని ఒక్క మాట ఆయనతో అంటే పట్టుదల తగ్గుతుందేమోనన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "అబద్ధం చెప్పమంటున్నారా, అదీ నోట్లో ఒక్కపొద్దు పెట్టుకుని?" అంది. మబ్బు పడితే బాగుండునని మధ్యాహ్నం దాకా ఆకాశం వైపు చూస్తూ పరుపులు కుట్టాను. దూదంత మబ్బు కూడా రాలేదు.

సాయంత్రం డాబా నిండిపోయింది. కింద మా అమ్మ పండక్కి సేమ్యా వేయించాలా, తెల్లవారుజాము సహరీకి కూర వండాలా తేలక పొయ్యి ముందు కూచుంది. అజాన్ వినపడగానే అందరం అక్కడే తలో ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి పడమటికి తిరిగాం. నుస్రత్ నిజంగానే ఫోను కింద పెట్టి వచ్చి, ఆడవాళ్ళ మధ్య నిలబడింది. మా నాన్న ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీలో పిట్టగోడ ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. తర్వాత చెయ్యెత్తాడు.

"అదిగో," అన్నాడు.

అందరూ ఆయన వేలు వెంట చూశారు. కొందరు ఎక్కడెక్కడ అన్నారు. కొందరు అలవాటు కొద్దీ ముబారక్ అనేశారు. ఎవరో మసీదు వైపు పరుగెత్తారు. మేం డాబా మీదే చాపలు పరిచి నమాజు ముగించేసరికి ఇమాం గారు మసీదులో నమాజు చేయించి, నేరుగా మా మెట్లెక్కి వచ్చారు. పడమటి దిక్కు ఇంకా తేటగానే ఉంది.

కళ్ళారా చూశారా అని ఆయన మర్యాదగా అడిగారు. చూశానన్నాడు మా నాన్న. రెండో సాక్షి ఎవరని అడిగారు. వెనకనుంచి ఒకతను చెయ్యెత్తాడు గానీ, ఏ వైపు చూశావంటే బెంజి సర్కిల్ వైపు చూపించాడు. అది తూర్పు.

"జాకీర్ ఉన్నాడు కదండీ," అన్నాడు మా నాన్న నా వైపు తిరిగి. "నా పక్కనే నిలబడ్డాడు. చెప్పరా."

ఆయన అబద్ధం ఆడుతున్నాడని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. నడి వేసవిలో వచ్చిన రంజాన్లన్నిటికీ నెలవంక ఆ గొట్టాల మీదే దిగేది. మా పండగ ఏటా కొన్ని రోజులు ముందుకు జరుగుతుంది. జరిగి జరిగి ఈ ఏడు ఎండలు ముదరకముందే వచ్చింది. చంద్రుడు దిగే చోటు ఎడమకు, కృష్ణ మలుపు మీదకి జరిగింది. మా నాన్న వేలు మాత్రం పాత చోటు చూపిస్తోంది. అక్కడ ఆయన కంటికి ఫ్యాక్టరీ దీపం కనపడిందో, ఏమీ కనపడలేదో నాకు తెలియదు.

చూశానంటే మా నాన్న పరువు నిలుస్తుంది. సందంతా, మా మాట మీద ఇంకెందరో, ఒక ఒక్కపొద్దు పోగొట్టుకుంటారు. చూడలేదంటే, నన్ను చెయ్యి పట్టుకుని ఇదే పిట్టగోడ దగ్గర నెలవంక చూడ్డం నేర్పిన మనిషికి చూపు లేదని అందరి ముందూ నేనే చెప్పినట్టు.

"కనపళ్ళేదు నాన్నా," అన్నాను.

"సరిగ్గా చూశావా? ఆ గొట్టాల మీద."

"చూశాను. అక్కడేం లేదు. ఈ ఏడు అటు రాడు నాన్నా, నది మీదకి వస్తాడు."

ఇమాం గారు పెద్దమనిషి. ఒక్కరి సాక్ష్యం చాలదు కాబట్టి రేపు కూడా ఒక్కపొద్దే అని చెప్పి దిగిపోతే అందరికీ మర్యాదగా ఉండేది. ఆయన అదే చెయ్యబోయారు. మా నాన్నే ఆపాడు.

"ఉండండి. ఆ ఒక్క సాక్ష్యం కూడా లేదు," అన్నాడు. "నాకు చుక్కలు కనపడకే రెండేళ్ళయింది. చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. మీరు ఎవరికీ ఫోన్ చెయ్యబాకండి."

జనం చప్పుడు చెయ్యకుండా దిగిపోయారు. ఇమాం గారు మా నాన్న రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, సలాం చెప్పి వెళ్ళారు. చివర్న మేమిద్దరం మిగిలాం. మా నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నేళ్ళుగానో ఎక్కి దిగుతున్న మెట్లు, సగం దిగాక ఇంకా ఎన్ని ఉన్నాయిరా అని అడిగాడు. చెప్పాను. ఇంకో మెట్టు దిగి ఆగాడు.

"నువ్వు చూశానని చెప్పుంటే, నిజంగానే వచ్చిందనుకునేవాణ్ణి," అన్నాడు.

గెలిచింది నుస్రత్. పొయ్యి దగ్గర మా అమ్మ పక్కన కూచుని ఏడ్చింది కూడా నుస్రతే. వేయించని సేమ్యా పొట్లం ఇద్దరి మధ్యా అట్లాగే ఉంది.

మర్నాడు నెలవంక చక్కగా వచ్చింది, నది మీద, చూపున్న ప్రతివాడికీ కనపడేట్టు. మా డాబా మీదకు మాత్రం ఎవరూ రాలేదు. ఎవరి డాబాల మీద వాళ్ళు చూసుకున్నారు. మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదనే అట్లా చేశారని తెలుసు, అయినా నాకు కోపమొచ్చింది. మా నాన్న కింద మంచం మీద కూచుని, వీధిలో ముబారక్‌లు వినపడ్డాక చేతులెత్తి దువా చదువుకున్నాడు. కోడల్ని పిలిచి, నువ్వు చెప్పిన చోటే వచ్చాడా అమ్మా అని అడిగాడు. అక్కడే వచ్చాడు మామయ్యా అందామె.

పండగ వెళ్ళిన రెండు రోజులకే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నీటికాసులని చెప్పింది డాక్టరమ్మ. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోయిందట. చూపు అంచుల నుంచి పోతూ వస్తుంది కాబట్టి చాలాకాలం మనిషికి తెలియదట. పోయింది ఇక రాదు, మిగిలిన కాస్తా చుక్కల మందుతో కాపాడుకోవాలి అంది. ఇంతకుముందు మీకెవరూ చెప్పలేదా తాతగారూ అని అడిగింది.

చెప్పారట. కొన్నేళ్ళ కిందట ఉచిత కంటి శిబిరంలో ఇదే మందు ఇచ్చి, జన్మంతా వేసుకోవాలన్నారట.

"నొప్పి లేదు, మంట లేదు," అన్నాడు మా నాన్న. "నొప్పి లేని రోగానికి జన్మంతా మందేంటని నవ్వానమ్మా. పదిమందిని నవ్వించాను."

ఆ జోకు నాకూ గుర్తుంది. కొట్టు ముందు చాలా రోజులు నడిచింది. డాక్టరమ్మ నవ్వలేదు. మందు ఎట్లా వేసుకోవాలో ఆయన చేతే చేయించి చూసింది. మొదటి చుక్క చెంప మీద పడింది, రెండోది కంట్లో పడింది. ఆటోలో వస్తుంటే నాకు ఆయన్ని తిట్టాలనీ, పట్టుకుని ఏడవాలనీ రెండూ అనిపించాయి. రెండూ చెయ్యకుండా దిగి డబ్బులిచ్చాను.

కొట్టు ముందు పేపరు చదవడం ఆగిపోయింది. చివరికి మా నాన్నే కబురు పెట్టి జాన్‌బాబు గారిని పిలిపించాడు. మా పండగ అయిపోయినా ఆయన శ్రమదినాలు ఇంకా అవలేదు, అందుకని మా నాన్న కూడా ఆయన ముందు టీ తెప్పించుకోలేదు. జాన్‌బాబు గారు ఎప్పుడూ లేంది మిర్చి ధరలూ, ఎన్నికల గొడవలూ చదవసాగారు. సైన్సు పేజీ వచ్చేసరికి తిప్పేసేవారు. రెండు మూడు రోజులు చూసి, లోపలి పేజీ ఏమైందయ్యా అని మా నాన్న అడిగాడు. ఇక తప్పక చదివారు.

ఎక్కడో దూరదేశంలో, చూపు పోయిన ముసలివాళ్ళ కంట్లో బియ్యపు గింజ కన్నా చిన్న చిప్ పెట్టారట. ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టుకుంటే వాళ్ళు మళ్ళీ అక్షరాలు చదివారట. చదువుతున్న కొద్దీ జాన్‌బాబు గారి గొంతు తగ్గుతూ వచ్చి, చివరి వాక్యం మాకు సరిగ్గా వినపడలేదు.

ఇస్త్రీ బండి అతను పెట్టె పక్కన పెట్టి మా నాన్న వైపు చూశాడు. ఎదురు షాపులో మాటలు ఆగాయి. అందరూ ఆయన ఏదో ఒకటి అంటే నవ్వి తేలిక పడదామని చూస్తున్నారు. పోయింది రాదన్న డాక్టరమ్మ మాట నా చెవిలోనే ఉంది. పుట్టినప్పటి నుంచి ఆయన దేన్నీ నమ్మకపోవడంతో వేగినవాణ్ణి. ఆ సాయంత్రం మాత్రం, అల్లా, ఈ ఒక్క వార్తను మా నాన్న వెక్కిరించాలి అనుకున్నాను.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మళ్ళీ చదువు జాన్‌బాబూ," అన్నాడు. "మెల్లగా."

జాన్‌బాబు గారు మొదటినుంచి మళ్ళీ చదివారు. ఏ దేశమన్నావని మా నాన్న అడిగాడు. ఆయన చెప్పారు. మా నాన్న ఆ పేరును మర్చిపోకుండా పెదాలతో రెండుసార్లు అనుకున్నాడు.